అత్త చేతి మీద నా రక్తం

పోయిన నెల మోకాలి ఆపరేషన్‌కు ముందు పరీక్షలు చేయాలని నన్ను ఖమ్మం తీసుకుపోయారు. రక్తం తీసే అమ్మాయి నా చేతికి రబ్బరు గొట్టం బిగించి, నరం కోసం తడుముతూ తడుముతూ ఆగిపోయింది. ముంజేతి మీది పచ్చబొట్టు ఆమె కంట పడింది. తేలు కాదు, పువ్వు కాదు, పెనిమిటి పేరు అసలే కాదు. ఒక సున్నా, దాని పక్కన ఒక కూడిక గుర్తు. పొడిచిన కొత్తలో ఆ సున్నా గాజులా గుండ్రంగా ఉండేది. ఇప్పుడు తోలు వదులై కోడిగుడ్డయింది. ఇంకో పదేళ్ళు బతికితే బీరకాయ అవుతుంది.

“ఏందమ్మా, సున్న పొడిపించుకున్నవ్?” అన్నది ఆ అమ్మాయి.

“బ్లడ్ గ్రూపు, బిడ్డా.”

ఆమె ముఖం వెలిగిపోయింది. “ఎంత మంచిగున్నదమ్మా! చదువుకున్నోళ్ళకు గూడ గీ తెలివి లేదు” అని పక్క గదిలో ఉన్న ఇంకో అమ్మాయిని పిలిచి మరీ నా చెయ్యి చూపించింది. నేనూ కాస్త చెయ్యి చాచి కూర్చున్నాను. పొగిడేటప్పుడు చెయ్యి ముడుచుకోవడం మర్యాద కాదు. కాసేపటికి ఆమె కాగితం పట్టుకుని బయటికి వచ్చింది. ముఖంలో ఆ వెలుగు లేదు. “అమ్మా, నీది ఏబీ పాజిటివ్. చేతి మీద తప్పున్నది.”

“తప్పేం లేదు. అది మా అత్త గ్రూపు.”

నా పక్కన కూర్చున్న మా మనవరాలు దివ్య రెండు చేతుల్తో ముఖం కప్పుకుంది. నేను మొదలుపెడితే ఎక్కడ ఆగుతానో దానికి తెలుసు. “అమ్మమ్మా, వెనక క్యూ ఉన్నది” అని నన్ను లేపి బయటికి నడిపించింది. అక్కడ చెప్పనివ్వలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఇక్కడ క్యూ లేదు. ఈ అక్షరాలు కూడా దివ్య వల్లనే వచ్చాయి. అది ఒకటో తరగతిలో పలక మీద దిద్దుతుంటే పక్కన కూర్చుని నేనూ దిద్దాను. అది రెండో తరగతికి పోయింది, నేను ఇంకా గుణింతాల దగ్గరే ఉన్నాను. అయినా చివరికి వచ్చాయి. రాకముందు కూడా నా ఒంటి మీద ఒక అక్షరం ఉంది, నాది కాని అక్షరం. దాని సంగతే ఇది.

మా అత్తగారి ఊరు మణుగూరుకూ గోదారికీ నడుమ అడవిలో ఉంటుంది. బొగ్గు లారీల మోత గాలి అటు తిరిగితే వినపడుతుంది, ఇటు తిరిగితే వినపడదు. ఇళ్ళల్లో మాట్లాడేది సగం మా భాష, సగం తెలుగు. అది అంతా ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను, తిట్లు మాత్రం కొంచెం చప్పబడతాయి. నేను కోడలిగా పోయినప్పుడు వయసు ఎంతో నాకూ తెలియదు, మా అమ్మకూ తెలియదు. ఇప్పపూలు రాలే కాలంలో పోయాననే గుర్తు. ఇంటి ముందు చాపల మీద ఇప్పపూలు ఎండుతుండేవి. ఆ వాసన తీయగా మొదలై మధ్యాహ్నానికి మత్తుగా, సాయంత్రానికి కుళ్ళుగా మారేది. మూడు వాసనలకూ అలవాటు పడినదే కోడలు, లేనిది చుట్టం అనేది మా అత్త ముత్తమ్మ. తెల్లారకముందే లేచి జొన్న జావ కాచేది. చింతపండు పిసికి, ఎండుచేప నిప్పుల మీద కాల్చి, దాని తల నాకు వేసి ఒళ్ళు తాను తినేది. తలలో తెలివి ఉంటుందట. నాకు అది లేదు కాబట్టి నాకే కావాలట. అప్పటికి ఆమెకు నలభై కూడా నిండి ఉండవు. నాకు మాత్రం అడవితో పాటే మొలిచినట్టు కనిపించేది.

ఆ ఇంట్లో ఆమె, ఆమె కొడుకు అయిన మా ఆయన, కూతురు కన్నమ్మ, నేను. కన్నమ్మ నా ఈడుదే. వదినా వదినా అంటూ వెనకాలే తిరిగేది, తన వంతు నీళ్ళు కూడా నాతో మోయించేది. ఆ ఇంట్లో, ఆ మాటకొస్తే ఆ ఊళ్ళో, ప్రతిదానికీ పెద్దాచిన్నా ఉంది. కొత్తల పండుగ అయ్యేదాకా మామిడికాయ కొరకకూడదు. అయ్యాక మొదటి ముక్క పటేల్‌ది, అంటే ఊరి పెద్దది. ఆ తర్వాత ముసలివాళ్ళది, ఆ తర్వాత వయసు లెక్కన దిగుతూ దిగుతూ నా దగ్గరికి వచ్చేసరికి టెంక మిగిలేది. వేసవిలో బీడీల కోసం తునికాకు కోసి, కట్టలు కట్టి, ఆకు కొనే కల్లానికి మోసేటప్పుడు కూడా అంతే. ముందు అత్త నడవాలి, వెనక కోడలు నడవాలి. అత్త తల మీద మూట కోడలి మూట కంటే పెద్దగా కనపడాలి. నిజంగా పెద్దగా ఉండనక్కర్లేదు. అందుకని అత్త మూటలో ఆకు వదులుగా, నా మూటలో ఆకు రాయిలా కట్టేవాళ్ళం. చూసేవాళ్ళకు ఆమెది కొండ, నాది పిట్టగూడు. మెడ నొప్పి మాత్రం పిట్టగూటికే.

ఈ ముచ్చటంతా ఎందుకంటే, మా ఊళ్ళో రక్తం కూడా ఇదే వరసలో పంచుకున్నాం.

నేను కాపురానికి పోయిన మరుసటేడు మా వాడలో ఒక బాలింత చనిపోయింది. కాన్పు అయ్యాక రక్తం ఆగలేదు. గోదారి వంతెన దాటించి దవాఖానాకు చేర్చారు. రక్తం కావాలన్నారు. ఎవరిది ఏ రక్తమో తెలియక, మనుషుల కోసం ఊరికి వచ్చి మళ్ళీ పోయేసరికి ఆమె లేదు. దాని తర్వాతే, అడవి పక్క సర్కారు దవాఖానాకు కొత్తగా వచ్చిన డాక్టరు సారు ఒకరు మా ఊరికి నడిచి వచ్చారు. మీసం కూడా సరిగ్గా రాని సారు. “ఎవరి రక్తం ఏ గ్రూపో ముందే తెలిస్తే, ఆపదొచ్చినప్పుడు ఎవరిని పిలవాలో తెలుస్తుంది. ఒకరికొకరు చెప్పుకోండి, దాచుకోకండి” అన్నారు. “రక్తం అందరిది ఎర్రగనే ఉంటది గద సారూ, గుంపులెట్లుంటయ్?” అన్నాడు పటేల్. మా అత్త ఇంకో అడుగు ముందుకు వేసి, గోదారి మీద ఇంకో వంతెన కడతారట, స్తంభం నిలబడడానికి రక్తం పోయాలట, అందుకే వచ్చిండు అని నాలుగిళ్ళకు చెప్పి వచ్చింది. సారు ముందు తన వేలు తానే పొడుచుకుని చూపించాడు. గాజుపలక మీద మూడు చుక్కలు పెట్టి, ఒకదాంట్లో నీలం మందు, ఒకదాంట్లో పసుపు మందు, ఒకదాంట్లో నీళ్ళ లాంటి మందు వేసి పుల్లతో కలిపాడు. కొన్ని చుక్కలు పాలు విరిగినట్టు విరిగాయి, కొన్ని అట్లాగే ఉన్నాయి. అది చూడడానికి సంత కంటే ఎక్కువమంది వచ్చారు. డబ్బులడగని ఆటలు మా ఊళ్ళో అరుదు.

సారు ఎవరి గ్రూపు వాళ్ళకు చీటీ మీద రాసిచ్చి, “ఇది ప్రాణంతో సమానం, భద్రం” అన్నాడు. తన దగ్గర కూడా రాసి పెట్టుకున్నాడు. తర్వాత ఆ సారుకు బదిలీ అయితే ఆ రాత కూడా ఆయన వెంట పోయింది. ఇక మా చీటీల సంగతి. మా ఇళ్ళల్లో కాగితం భద్రంగా ఉండే చోటు ఒక్కటీ లేదు. చూరులో చెక్కితే వాన, గోడలో పెడితే చెద, కొంగున కడితే చెమట. ఒకామె చీటీని మేక తిన్నది. ఆ మేక గ్రూపు ఏదయిందో అని కన్నమ్మ నవ్వి నవ్వి పొట్ట పట్టుకుంది. అప్పుడు మా అత్తే ఉపాయం చెప్పింది. వంతెన పుకారు పుట్టించిన మనిషే.

“చెద తిననిది, వాన తడపనిది ఒక్క తోలే. పుల్లమ్మ వచ్చినంక చేతి మీద పొడిపించుకుందాం. కాగితం కాటికి రాదు. పచ్చబొట్టు పైదాకా వస్తది.”

అది మా పెద్దల నమ్మకం. సచ్చినాక కాలి కడియం తీసుకుంటారు, మెడలో పూసలు తీసుకుంటారు, పచ్చబొట్టును ఎవరూ ఊడదీయలేరు. అందుకని మా ఆడవాళ్ళు చేతుల నిండా పొడిపించుకునేవాళ్ళు. మోకాలు నొప్పి పుడితే మోకాలి మీద చుక్కలు, తలనొప్పికి కణత మీద చుక్క. సూది లోపలికి పోయి రక్తానికి చెబుతుందట, రక్తం వింటుందట. ఈ చివరి మాట గుర్తుంచుకోండి.

పుల్లమ్మ ఏటా ఒకసారి వచ్చే పచ్చబొట్ల మనిషి. నోట్లో చుట్ట, చేతిలో కట్టిన సూదులు, డొప్పలో దీపం మసీ ఆకు పసరూ కలిపిన ముద్ద. పొడిచేటప్పుడు ఏడుపు వినపడకుండా తానే గట్టిగా పాట పాడేది. ఆ పాట కంటే సూదే నయం. ఆమెకు చీటీలు చూపించాం. తిప్పి తిప్పి చూసి, “ఇయ్యేం ముగ్గులే, తల్లీ? తేలు లేదు, పీట లేదు” అన్నది. ఆమెకూ అక్షరం రాదు, మాకూ రాదు. ఎవరికైనా వచ్చి ఉంటే ఈ కథే లేదు.

మొదట పటేల్ కూర్చున్నాడు. ఆయన చీటీలో ఉన్నది ఒక్క సున్నా. పక్కనే నిలబడ్డ ఆయన జీతగాడి చీటీలో రెండు అక్షరాలు ఉన్నాయి, ఒకటి తాటాకు గుడిసెలా, ఇంకోటి రెండు కడుపుల మనిషిలా. పటేల్ రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. ముఖం మాడిపోయింది.

“ఏందిది? నాకు సున్న, వీనికి జంటనా?”

“సారు రాసిచ్చిండు గద పటేలా” అన్నాడు జీతగాడు భయం భయంగా.

“సారుకు మన వరస తెల్వదు. పెద్దది ఇటు తే.”

జీతగాడు ఇచ్చేశాడు. అంతే, తొవ్వ పడింది. పటేల్ అంతటివాడు మార్చుకున్నాక మిగతావాళ్ళు ఊరుకుంటారా? రెండక్షరాలు పెద్దవాళ్ళకు పోయాయి. వాళ్ళలో కొందరి చీటీలు ఏవైనా సరే, పటేల్ చేతిది చూపించి అదే వెయ్యమన్నారు. రెండు కడుపుల బొమ్మ నడీడు వాళ్ళకు, గుడిసె బొమ్మ వాళ్ళ తర్వాతి వాళ్ళకు. సున్నాలన్నీ కొత్త కోడళ్ళకూ పెళ్ళికాని పిల్లలకూ మిగిలాయి, మామిడి టెంకల్లాగే. పక్కన ఉన్న కూడిక గుర్తు మాత్రం అందరికీ పడింది. దాన్ని మేం మల్లెపువ్వు అనుకున్నాం.

మా ఇంట్లో జంట అక్షరాలు నా చీటీలో ఉన్నాయి. సున్నా అత్త చీటీలో. ఆమె నన్ను ఏమీ అడగలేదు. పుల్లమ్మ ముందు కూర్చుని నా కొంగు ముడి తానే విప్పి, నా చీటీ తాను తీసుకుని తన చీటీ నా ఒళ్ళో వేసింది.

“అత్తా, అది నాది” అన్నాను. కొత్తలో అంత ధైర్యం ఎలా వచ్చిందో తెలియదు.

“నీది నా ఇంట్లది కాదా? ఇంట్లది ఇంట్లనే ఉన్నది. నిన్నగాక మొన్నొచ్చినదానికి రెండక్షరాలా, ఇల్లు నిలబెట్టినదానికి గుండు సున్నానా? ఊరోళ్ళు ఏమనుకుంటరు?”

“మరి రక్తం?”

“రక్తందేముందే! సూది ఏది చెప్తే రక్తం అది వింటది.”

పుల్లమ్మ పాట అందుకుంది. నా చేతి మీద మా అత్త సున్నా దిగింది. కన్నమ్మకు కూడా సున్నానే, చిన్నది కాబట్టి. దాని చీటీలోనూ సున్నానే ఉంది. మా ఇంటి ఆడవాళ్ళలో నిజం రాసి ఉన్న చెయ్యి అదొక్కటే. అదీ తెలివి వల్ల కాదు, వరసలో ఆఖరిది కావడం వల్ల. నేను నాలుగు రోజులు చెయ్యి ఊదుకుంటూ, లోపల నా రక్తం అత్త రక్తంలా మారుతున్నట్టు ఊహించుకుంటూ గడిపాను. మారితే ఇక నేను కూడా చేప ఒళ్ళు తినొచ్చేమో అనుకున్నాను. మారినట్టు లేదు. చేప తలే వచ్చింది.

తర్వాత కన్నమ్మ పెళ్ళయింది, మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. తునికాకు కాలం. ఊరంతా ఆకు కోసుకుని పొద్దెక్కేసరికి కల్లం దగ్గర చేరింది. మా ఆయన ఆకు లారీ వెంట పోయాడు. ఇంట్లో కన్నమ్మకు పాప పుట్టింది. పాప కేక కల్లందాకా వినపడింది. మేం నవ్వుకుంటూ వచ్చేసరికి మంత్రసాని ముఖంలో నవ్వు లేదు. గుడ్డలు తడుస్తున్నాయి, మళ్ళీ తడుస్తున్నాయి. ఆగడం లేదు. అంతకుముందు పోయిన బాలింతను ఊరు మరిచిపోలేదు. అందరి కళ్ళల్లో ఆమే ఉంది.

ఆకు కాంట్రాక్టరు జీపు కల్లం దగ్గరే ఉంది. కన్నమ్మను వెనక సీటు మీద పడుకోబెట్టి అత్త ఒళ్ళో తల పెట్టించాం. అప్పుడు పటేల్ ఒక్క మంచి పని చేశాడు. “దాని చేతి మీద ఏమున్నది? సున్న. సున్నలున్నోళ్ళంత ఎక్కుండ్రి!” అని అరిచాడు. ఇందుకోసమే కదా సూది పోట్లు తిన్నాం! ఊళ్ళోని కొత్త కోడళ్ళం అందరం చేతులు చాపుకుంటూ ఎక్కాం. కొందరు లోపల, కొందరు వెనక వేలాడుతూ. అంత బాధలోనూ కన్నమ్మ కళ్ళు తెరిచి, “వదినా, మేకను గూడ తెచ్చిండ్రా?” అన్నది. నాకు ఏడుపొచ్చింది.

వంతెన అవతల దవాఖానాలో కన్నమ్మ రక్తం పరీక్ష చేసి, ఓ పాజిటివ్ అన్నారు. చేతి మీద ఉన్నదీ అదే. మా అందరికీ ధైర్యం వచ్చింది. ఒక చెయ్యి నిజమైతే అన్ని చేతులూ నిజమే కదా. ల్యాబు సారు ముందు వరసగా కూర్చుని సున్నాలు చూపించాం. ఆయన మురిసిపోయాడు. ఇప్పుడు ఖమ్మంలో ఆ అమ్మాయి మురిసినట్టే. తర్వాత ఒక్కొక్కరి వేలు పొడిచాడు. చుక్క పెట్టాడు, మందు వేశాడు, విరిగింది. ఇంకొకరిది, అదీ విరిగింది. ఇంకొకరిది. ఆయన చెమట తుడుచుకున్నాడు.

“ఏందమ్మా మీ ఊరు? ఒక్కలది గూడ ఓ కాదు! చేతుల మీద రాసుకునుడేంది, లోపల ఉండుడేంది?”

“సున్న ఉన్నది గద సారూ” అన్నది ఒక పిల్ల ఏడుపుగొంతుతో, చెయ్యి ఇంకా ముందుకు చాపుతూ.

“సున్నను నరంలకెక్కియ్యాల్నా? తప్పు రక్తం ఎక్కిస్తే ఆ పిల్ల సస్తది తెల్సా! జల్దీ ఎవరినన్న తేండ్రి.”

నా వంతు చివరిది. నా గాజుపలక మీద నీలం, పసుపు చుక్కలు రెండూ విరిగాయి. ఆయన ఆ పలక పక్కన పెన్సిలుతో ఏదో గీసి పక్కకు పెట్టాడు. అప్పటికి నాకు చదువు రాదు. కానీ ఆ బొమ్మ నాకు తెలుసు. గుడిసె, దాని పక్కన రెండు కడుపుల మనిషి. రోజూ జావ పోసేటప్పుడు నా కళ్ళ ముందు ఆడే చేతి మీద ఉన్న బొమ్మ. అంటే ఇన్నాళ్ళూ సున్నా మోసినా నా రక్తం ఒక్క చుక్క కూడా వినలేదు. మొండి రక్తం. నాది వినకపోతే ఆమెది మాత్రం ఎందుకు వింటుంది?

అత్త వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చీరంతా కూతురి రక్తం. నేను పోయి ముందు కూర్చున్నాను.

“అత్తా, నువ్వు లోపలికి రా. నీదే కావాలె.”

ఆమె జంట అక్షరాల చేతిని పైటలో దాచుకుంది. నేను గొప్పకు పోతుందనుకున్నాను, చెడ్డ కోపం వచ్చింది. కానీ ఆమె గోడ వైపు ఇంకా వెనక్కి జరిగింది. అంతకుముందు ఆమె వెనక్కి జరగడం నేను ఎప్పుడూ చూడలేదు.

“నాది ఇయ్యొద్దే. నాది మారిపోయింది. సూది చెప్పింది గద, వినుంటది. ఆ సారు అన్నది ఇనలేదా? తప్పుది ఎక్కితే సస్తదంట. నా రక్తమే నా బిడ్డను చంపుతదే.”

“మారలే అత్తా.”

“నీకేం తెల్సు?”

“నా చేతి మీద నీ సున్న ఉన్నది. ఇన్నాళ్ళ సంది ఉన్నది. ఇప్పుడే పొడిచి చూసిండు. లోపల నాది నాదే ఉన్నది, రవ్వంత గూడ మారలే. నీ సున్నకు నా రక్తం ఇనలే. నా అక్షరాలకు నీ రక్తం ఇంటదా? నువ్వెన్నడన్న నా మాట ఇన్నవా?”

ఆమె నన్ను చూసింది. ఆ చూపులో సగం తిట్టు ఉంది. తర్వాత లేచింది. లోపలికి పోయి, పచ్చబొట్టు ఉన్న చెయ్యి కాదని, రెండో చెయ్యి చాపింది. సారు ఏ చేతి రక్తమైనా ఒకటే అంటే నమ్మలేదు. వేలు పొడిచి, చుక్క పెట్టి, నీలం మందు వేశాడు. విరగలేదు. పసుపు మందు వేశాడు. విరగలేదు. అత్త ఆ చుక్కల్ని, పొంగబోయే పాలను చూసినట్టు చూసింది. అవి అట్లాగే నున్నగా, ఎర్రగా నిలబడ్డాయి. ఇల్లు నిలబెట్టిన మనిషి రక్తం, గుండు సున్నా.

“ఇదిగో ఓ!” అని సారు అరిచాడు. అత్త మంచం ఎక్కి పడుకుంది. ఆ సీసా నిండుతుంటే తల తిప్పి నాతో అన్న మొదటి మాట: “ఊళ్ళె పెద్దోళ్ళనందరిని పట్టుకరా. ఆ పటేల్‌ది గూడ సున్ననే. నేను చూసిన.”

జీపు తిరిగి పోయింది. పెద్దరికం అంతా ఎక్కి వచ్చింది. ల్యాబు ముందు వాళ్ళు ఒక్కొక్కరే తాము ఎవరి చీటీ లాక్కున్నారో చెప్పుకుంటుంటే చూడాలి! పటేల్ మాత్రం ఆఖరి దాకా, “నాది జంటనే, కానీ పరీక్షేమన్న చేసుకోండ్రి” అన్నాడు. సున్నా తేలింది. రక్తం ఇచ్చాడు కూడా. లేచి నిలబడి మీసం దువ్వబోయి అట్లాగే జీతగాడి మీద పడిపోయాడు. జీతగాడు పట్టుకున్నాడు. పట్టుకోకపోయినా తప్పులేదని నా అభిప్రాయం.

కన్నమ్మ బతికింది. అది మా అత్త కంటే లావై, మనవళ్ళను తిడుతూ ఇప్పటికీ పర్ణశాల వైపు ఊళ్ళో ఉంది. ఆ రోజు పుట్టిన పాపకు ఇప్పుడు పిల్లలున్నారు. ఇక అత్త సంగతి అడక్కండి. సిగ్గుపడుతుందని, చెయ్యి కప్పుకుంటుందని అనుకున్నాను. లేదు. “ఒక్క బిడ్డనే రెండుసార్లు కన్న. రెండోసారి నొప్పుల్లేవు, పైగా బిస్కెట్లు పెట్టిండ్రు” అని సంతలో, కల్లంలో, కనపడ్డ ప్రతి ఒక్కరికీ చెప్పేది. ఊరంతా మళ్ళీ పరీక్షలు చేయించుకోవాలని పట్టుబట్టింది కూడా ఆమే. ఈసారి పుల్లమ్మను పిలవలేదు. ఎవరి గ్రూపు ఏదో నోటికి కంఠతా పెట్టించింది. పిల్లల్ని ఆపి, “నీ పేరేంది? మీ నాయిన పేరేంది? నీ రక్తమేంది?” అని అడిగేది. మూడోది చెప్పకపోతే మొదటి రెండూ చెల్లవు. ఆ ఇంట్లో చేప మాత్రం ఆ రోజు నుంచి మారింది. తల ఇద్దరం చెరిసగం.

దివ్య ఫోనులో ఇప్పుడు రక్తం ఇచ్చేవాళ్ళ గుంపు ఒకటి ఉంది. ఫలానా చోట ఫలానా గ్రూపు అర్జెంటుగా కావాలని వస్తుంది. ఇది చూస్తుంది, పంపుతుంది, ఒక్కోసారి తనే స్కూటీ వేసుకుని పోయి ఇచ్చి వస్తుంది, ముఖం కూడా తెలియని మనిషికి. నేను దీన్ని ఎగతాళి చేద్దామని చాలాసార్లు ప్రయత్నించాను, కుదరలేదు. ఆ రోజుల్లో మా ఊళ్ళో తల్లి పక్కనే ఉండి కూడా బిడ్డకు రక్తం దొరకడం కష్టమైంది. ఇప్పుడు ముక్కూ ముఖం తెలియనివాళ్ళు వచ్చి చెయ్యి చాపుతున్నారు. అది గొప్పే. అయితే అదే పిల్లను, మీ పక్కింటావిడ పేరేమిటే అంటే, “ఆంటీ” అన్నది. ఆమె రక్తం సంగతి దేవుడెరుగు. ఆ ఆంటీకి రేపు ఏమైనా అయితే, గోడ అవతల పిలవాల్సిన మనుషుల్ని ఫోనులో వెతుకుతారు. అప్పట్లో మేం రాసుకున్నది అంతా తప్పే. కానీ ఎక్కమంటే జీపు సరిపోలేదు. మా అత్త ఉంటే, ఫోనులోనూ రాసుకోండి, వాకిట్లోనూ అరవండి అనేది. ఆమె అన్నాక ఇక రెండో మాట ఉండదు.

అత్త పోయేముందు చాలా కాలం మంచం మీద ఉంది. నేనే జావ తాగించేదాన్ని. అప్పటికి నాకు దివ్య ఏబీసీడీలతో సహా కాసిని అక్షరాలు వచ్చాయి. ఒకరోజు ఆమె చెయ్యి పట్టుకుని, ముడతలు సాగదీసి, “ఏ, బి” అని చదివి వినిపించాను. ఆ బొమ్మలకు పేర్లున్నాయని ఆమె అనుకోలేదు. నా నోటి నుంచి మళ్ళీ చెప్పించుకుంది.

“మరి నీదేంది?” అన్నది.

“ఓ.”

“అదా నా పేరు! ఎవరో పిలిస్తే పలికినట్టున్నది” అని నవ్వింది. “పైన అడుగుతరు గదనే, పచ్చబొట్టు చూపియ్యమని. నీ అక్షరాలు చూసి నేనే నువ్వనుకుంటరేమో. నీ పాపాలు గూడ నా లెక్కల పడతయా?” అన్నది.

“పడనీ అత్తా. నేను చేసినయి చేప తలంత. నీయే ఎక్కువున్నయ్, నాకొస్తయ్.”

ఆమె తిట్టింది. తిట్టు తెలుగులోకి రాదు. అది విని నేను నవ్వాను, ఆమె కూడా నవ్వింది. ఆ తర్వాత కొద్ది రోజులకే పోయింది. కడియాలు తీశారు, పూసలు తీశారు. నా అక్షరాలు రెండూ ఆమె వెంటే పోయాయి.

ఖమ్మంలో పరీక్షలయ్యాక దివ్య నన్ను బజారులో ఒక పచ్చబొట్ల దుకాణం ముందు ఆపింది. అద్దాల తలుపు, లోపల చల్లటి గాలి, పాట పాడేవాళ్ళు ఎవరూ లేరు. “అమ్మమ్మా, మెషీన్‌తోని నాలుగైదుసార్లల్ల తీసేస్తరు. మళ్ళ కరెక్టుది వేయిద్దాం. తప్పుది చేతి మీద ఎందుకు?” అన్నది. దవాఖానావాళ్ళు చేతులు చూడరు, రక్తమే చూస్తారు, అది నేను జీపు ఎక్కిన రోజే నేర్చుకున్నాను. నా గ్రూపు కాగితం మీద ఉంది, దివ్య ఫోనులో ఉంది, నా నోటికీ వచ్చు. ఇక ఈ సున్నా నా దగ్గర దాచిన సొమ్ము. పైకి పోయాక అత్త తన సున్నా తనకు ఇమ్మని అడిగితే ఇచ్చేస్తాను. నా రెండక్షరాలు ఆమె తిరిగి ఇస్తుందని మాత్రం నాకు నమ్మకం లేదు.